మోసినవాళ్లు కింద, చేసినవాళ్లు మేడ మీద

నెదర్లాండ్స్‌లోని ఆల్క్‌మార్‌లో శుక్రవారం చీజ్ సంత చూడ్డానికి జనం విరగబడి వస్తారు. అదే భవనం పై అంతస్తుల్లో ఓ చిన్న మ్యూజియం ఉంది. మెట్లెక్కేవాళ్లు తక్కువ. అసలు కథ మాత్రం అక్కడే ఉంది.

ఆమ్‌స్టర్‌డామ్ నుంచి రైలెక్కితే నలభై నిమిషాల్లోపే ఆల్క్‌మార్ వస్తుంది. ఊరి మధ్య కాలువ, కాలువ పక్కన రాళ్లు పరిచిన మైదానం, మైదానం అంచున గడియారపు గోపురం ఉన్న పాత ఇటుక భవనం. దాని పేరు ‘వాఖ్’. మన మార్కెట్ యార్డు భాషలో చెప్పాలంటే కాంటా ఇల్లు.

పద్నాలుగో శతాబ్దంలో కట్టినప్పుడు అది ప్రార్థనాలయం. దారిన పోయే బీదాబిక్కీకి తలదాచుకునే చోటిచ్చే సత్రానికి అనుబంధంగా ఉండేది. పదహారో శతాబ్దం చివర్లో అందులో తక్కెడలు వేలాడదీశారు. ఆ మార్పు వెనక ఒక యుద్ధం ఉంది. 1573లో స్పెయిన్ రాజు సైన్యం ఆల్క్‌మార్‌ను చుట్టుముట్టింది. ఊరివాళ్లు ఏడు వారాలు తట్టుకున్నారు. ఆడవాళ్లు, పిల్లలు కూడా కోటగోడలెక్కి పోరాడారని చెప్పుకుంటారు. చివరికి గట్లు తెంచి చుట్టుపక్కల పొలాల్లోకి నీళ్లు వదిలేసరికి, అక్టోబరు 8న సైన్యం మూటాముల్లే సర్దుకుంది. ఆ తెగువకు బహుమానంగా 1581లో ఆరెంజ్ రాకుమారుడు విలియం ఊరికి తూకపు హక్కు తిరిగి ఇచ్చాడు.

తూకపు హక్కు బహుమానమా అనిపిస్తుంది ఇవాళ మనకు. ఆ రోజుల్లో అది బంగారుబాతు. పెద్ద సరుకేదైనా ఊరి కాంటా మీద తూగాకే చేతులు మారాలి, తూగిన ప్రతిసారీ ఊరి ఖజానాకు రుసుము పడాలి. పోయిన హక్కును పరాక్రమంతో తిరిగి తెచ్చుకున్నామని భవనం నుదుటి మీద లాటిన్‌లో చెక్కించుకున్నారు. 1365లో ఆల్క్‌మార్‌కు ఉన్నది ఒక్కటే కాంటా. 1612 నాటికి నాలుగయ్యాయి. చీజ్ కుప్పలు పట్టక మైదానాన్ని మళ్లీ మళ్లీ పెంచుకుంటూ పోయారు.

తక్కెళ్ల గదిలో బైబిల్ మాట ఒకటి రాసి ఉంటుంది, దొంగ తూకం దేవుడికి గిట్టదని. ప్రార్థనలు ఆగిపోయినా దేవుణ్ని పూర్తిగా పంపెయ్యలేదన్నమాట. పని మార్చారంతే.

రంగుల టోపీల హమాలీలు

ఏప్రిల్ నుంచి సెప్టెంబరు దాకా శుక్రవారం ఉదయం పది గంటలకు సంత మొదలవుతుంది. ఏడింటికే లారీల్లోంచి చీజ్ దింపడం మొదలవుతుంది. పసుపుపచ్చటి చక్రాలు, ఒక్కోటి పదమూడు కిలోల పైమాటే. అలాంటివి సుమారు రెండు వేల రెండు వందలు, అంటే ముప్ఫై టన్నుల సరుకు, రాళ్ల మీద బారులు తీరి ఉంటుంది. గంట మోగగానే హమాలీలు దిగుతారు.

వీళ్ల సంఘం 1593 నుంచీ ఉంది. నాలుగు జట్లు. ఎరుపు, పసుపు, ఆకుపచ్చ, నీలం. తెల్ల బట్టలు, జట్టు రంగు పట్టీ చుట్టిన గడ్డిటోపీ. జట్టుకు ఆరుగురు మోసేవాళ్లు, కాంటా దగ్గర సరుకు ఎక్కించి దించే మనిషి ఒకడు. అందరి మీదా పెత్తనం ‘చీజ్ నాయన’ది. ఆ పదవి పేరు నిజంగానే అది. కర్ర పట్టుకుని తిరుగుతుంటాడు. పొద్దున ఆలస్యంగా వచ్చినవాడి పేరు సిగ్గు పలక మీద రాస్తారు.

ఇద్దరు హమాలీలు ఒక చెక్క పల్లకీని ఎత్తుకుంటారు. దాని మీద ఎనిమిది చక్రాలు, పల్లకీ బరువుతో కలిపి నూట ముప్ఫై కిలోల పైన. పట్టీలు భుజాల మీద ఉంటాయి, చేతులు పిడుల మీద. నడక చూడాలి. పరుగూ కాదు, నడకా కాదు. ఇద్దరి అడుగులూ వేర్వేరు కాళ్లతో పడితే పల్లకీ ఊగదట. ఒకే కాలు మీద ఇద్దరూ నడిస్తే ఊగిపోయి సరుకు కింద పడుతుంది. ఆ చిన్న చిన్న అడుగుల దుడుదుడు నడక చూసి జనం చప్పట్లు కొడతారు. బరువు మోసేవాడు తన నడుము కాపాడుకోవడానికి కనిపెట్టిన ఉపాయం, ఇప్పుడు వినోదం.

బేరం మరీ తమాషా. కొనేవాడూ అమ్మేవాడూ ఎదురెదురుగా నిలబడి, ధర చెప్పిన ప్రతిసారీ అరచేతులు చరుచుకుంటారు. ఆఖరి చరుపుతో బేరం ఖాయం. మన పశువుల సంతల్లో దళారులు తువ్వాలు కింద వేళ్లు పట్టుకుని గుట్టుగా తేల్చే ధరను, వీళ్లు పదిమందికీ వినబడేలా చరిచి తేలుస్తారు. బేరానికి ముందు పరీక్ష ఉంటుంది. చక్రాన్ని వేళ్లతో తట్టి చప్పుడు వింటారు. సన్నటి గొట్టంలాంటి సాధనాన్ని గుచ్చి తిప్పి, లోపలి చీజ్‌ను కడ్డీలా బయటికి లాగుతారు. వేళ్ల మధ్య నలుపుతారు, వాసన చూస్తారు, చివర తుంచి నోట్లో వేసుకుంటారు. మిగిలిన ముక్కను మళ్లీ బెజ్జంలో దోపి మూసేస్తారు.

ఇదంతా ఇవాళ ప్రదర్శనే. అసలు ధరలు ఫోన్ల మీద, కంప్యూటర్ల మీద ఎప్పుడో తేలిపోయి ఉంటాయి.  ఆల్క్‌మార్‌లో సంత అంటే ప్రధానంగా చూసేవాళ్ల కోసం. దాన్ని తప్పుపట్టాలని నాకనిపించలేదు. కాంటా నిజం కాంటా, బరువు నిజం బరువు. నన్ను ఆపింది వేరే సంగతి. మైదానంలో పనిచేసేవాళ్లంతా మగవాళ్లే. ఆడపిల్లలు పాతకాలపు గౌన్లు, తెల్ల లేసు టోపీలు పెట్టుకుని బుట్టల్లో చీజ్ ముక్కలు అమ్ముతూ, అడిగినవాళ్లతో ఫొటోలు దిగుతుంటారు. ఈ దృశ్యం మాత్రమే చూసి వెళ్లేవాడికి చీజ్ అంటే మగవాళ్ల పని అనీ, ఆడవాళ్లు దానికి అలంకారమనీ అనిపిస్తే అతని తప్పేం లేదు.

తలుపు తోసుకుని మేడ మెట్లెక్కితే లెక్క తిరగబడుతుంది.

ఆమె పనిముట్లు

హాలండ్ చీజ్ మ్యూజియం 1983 నుంచి ఈ భవనం పై అంతస్తుల్లో ఉంది. పెద్దదేం కాదు. పాత దూలాలు, చెక్క నేల. గంటన్నరలో తీరిగ్గా చూసెయ్యొచ్చు. పిల్లల కోసం మీటలు నొక్కే ఆటలు కొన్ని పెట్టారు. నాకు వాటి మీద ఆసక్తి కలగలేదు. పనిముట్ల ముందు మాత్రం చాలాసేపు నిలబడిపోయాను.

పాల తొట్టెలు, చిలికే పీపాలు, గడ్డ కోసే తంతుల కత్తులు, చెక్కను గుండ్రంగా తొలిచిన అచ్చులు, మీద బరువు పెట్టి నొక్కే ప్రెస్సులు. దాదాపు అన్నీ చెక్కవే. చేతులు తగిలి తగిలి అంచులు అరిగిపోయాయి. ఆ చేతులు ఆడవాళ్లవి. పంతొమ్మిదో శతాబ్దం చివరి దాకా ఉత్తర హాలండ్‌లో చీజ్ పొలం ఇంట్లోనే తయారయ్యేది. చేసేది రైతు భార్య, ఆవిడ కూతుళ్లు, పనమ్మాయిలు. రైతు ఆవులూ గడ్డీ చూసుకునేవాడు, సరుకును పడవలో వేసుకుని సంతకు తెచ్చేవాడు. మధ్యలో జరిగే విద్య అంతా ఆమెది.

ఆమె పొద్దు ఎలా గడిచేదో పనిముట్ల వరసను బట్టే తెలిసిపోతుంది. పితికిన పాలు వడగట్టి తొట్టెలో పోయాలి. గోరువెచ్చగా ఉండగానే దూడ కడుపు పొర నుంచి తీసిన రెన్నెట్ కలపాలి. థర్మామీటరు లేని కాలం. పాలు ఎంత వెచ్చగా ఉన్నాయో చెయ్యి చెప్పాలి. వేసవిలో ఒక లెక్క, శరత్కాలంలో ఇంకో లెక్క. ఆవు ఈనిన కొత్తలో పాలు ఒక రకం, గడ్డి మారితే ఒక రకం. అరగంటా గంటలో పాలు గడ్డ కడతాయి. ఆ గడ్డను చిన్న చిన్న ముక్కలుగా కోస్తే విరుగుడు నీళ్లు పైకి తేలతాయి. ఎంత చిన్నగా కోస్తే అంత నీరు పోయి చీజ్ అంత గట్టిపడుతుంది. ఎక్కడ ఆపాలన్నది పుస్తకంలో లేదు.

ఆ తర్వాత గడ్డను వేడినీళ్లతో కడగడం ఉంటుంది. హాలండ్ చీజ్‌లకు ఆ మెత్తటి తియ్యదనం ఇక్కడి నుంచే వస్తుంది. కడిగితే పాలలోని చక్కెర కొంత నీళ్లతో పోతుంది. చక్కెర తగ్గితే సూక్ష్మజీవులు పులుపు తక్కువ పుట్టిస్తాయి. ఇంగ్లండ్ చెడ్డర్‌లో ఉండే పుల్లటి గాటు హాలండ్ గౌడాలో ఉండనిది ఇందుకే. కడిగిన గడ్డను గుడ్డ పరిచిన అచ్చులో కూరి, ప్రెస్సు కింద పెట్టి, మధ్యలో తీసి తిరగేసి, మళ్లీ నొక్కాలి. తర్వాత ఉప్పునీళ్లలో స్నానం. చక్రం సైజును బట్టి అది రోజుల తరబడి. ఆపైన బల్లల మీద ఆరబెట్టి, రోజూ తిప్పుతూ, బూజు తుడుస్తూ ఉండాలి. తిప్పకపోతే ఒకవైపే తేమ దిగి పాడవుతుంది. కిలో చీజ్‌కు సుమారు పది లీటర్ల పాలు. పశువులు మేత మేసే కాలమంతా ఈ పని పూటపూటకీ మళ్లీ మొదటికి వచ్చేది. కింద మైదానంలో చూసిన పల్లకీ మీద ఎనిమిది చక్రాలు ఉన్నాయి కదా, వాటి వెనక వెయ్యి లీటర్ల పైచిలుకు పాలు, ఎన్నో పూటల నడుము నొప్పి ఉన్నాయి.

ఈ పనిముట్లతో పాటు ఉత్తర హాలండ్ పాతకాలపు వేషంలో ఉన్న స్త్రీల చిత్రపటాల వరస ఒకటి ఇక్కడ ఉంది. పొడవాటి గౌను, తల చుట్టూ బిగించిన తెల్లటి బట్ట. రాణులూ దొరసానులూ కారు, ఈ ప్రాంతపు ఆడవాళ్లు. నాలుగు వందల ఏళ్ల నాటి ముఖాలు. ఏ పటంలోనూ నవ్వు లేదు. ఎదురుగా ఉన్న చెక్క ప్రెస్సుల్నీ ఈ ముఖాల్నీ మార్చి మార్చి చూస్తుంటే మ్యూజియం వాళ్ల మనసు తెలుస్తుంది. కింద ఎవరి పేరు వినబడదో వాళ్లను పైన కూర్చోబెట్టారు. ఇది కావాలని చేశారో, గోడ ఖాళీగా ఉండి అలా కుదిరిందో, నేను అడగలేదు. కుదిరినా బాగానే కుదిరింది.

ఇంకో అంతస్తులో ఫ్యాక్టరీల కాలం వస్తుంది. 1871లో ఈ ప్రాంతంలోనే, వీరింగర్‌వార్డ్‌లో చీజ్ ఫ్యాక్టరీ మొదలైంది. తర్వాత రైతులు సహకార సంఘాలు కట్టుకుని ఊరూరా ఫ్యాక్టరీలు పెట్టుకున్నారు. ఆవిరి యంత్రం, థర్మామీటరు, ప్రయోగశాల వచ్చాయి. రుచి నిలకడగా ఉంది, నష్టం తగ్గింది, రోజూ వంగి లేచే చాకిరీ నుంచి ఆడవాళ్లకు విముక్తి కలిగింది. ఇదంతా మేలే. దాంతో పాటే చీజ్ మేస్త్రీ అనే జీతగాడు పుట్టాడు, అతను మగవాడు. వంటింటి వెనక గదిలో చేసినప్పుడు ఇంటి పని అనిపించుకున్నది, ఫ్యాక్టరీకి వెళ్లగానే వృత్తి అయింది. మ్యూజియం ఈ మాట ఇంత కటువుగా అనలేదు. అనేది నేను.

మోసాలు కూడా ఆ కాలంలోనే పెరిగాయి. పాల మీద మీగడ తీసేసుకుని, వెన్నలేని చీజ్‌ను మంచి చీజ్ ధరకు అంటగట్టేవాళ్లు. దాన్ని ఆపడానికి ఇరవయ్యో శతాబ్దం తొలినాళ్లలో ప్రభుత్వ ముద్ర వచ్చింది. కొవ్వు ఎంత, ఎక్కడ తయారైంది అనేది చెప్పే చిన్న బిళ్లను చక్రం మీద అంటిస్తారు. ఆ బిళ్ల కూడా పాల మాంసకృత్తితోనే చేసింది కాబట్టి చీజ్ పైపొరలో కలిసిపోతుంది, పీకి ఇంకోదానికి పెట్టడం కుదరదు. కాంటా చూసుకున్న నమ్మకాన్ని తర్వాతి కాలంలో ఈ బిళ్ల చూసుకుంది.

బందరుకు వచ్చిన వర్తకులు

మ్యూజియంలో ఒక మూల ఎడమ్ చీజ్ అచ్చులున్నాయి. బంతిలా గుండ్రంగా, కిలోన్నర పైన తూగే ఎర్రతొడుగు చీజ్ అది. మీగడ కొంత తీసిన పాలతో చేస్తారు, ఉప్పు బాగా పట్టిస్తారు, నీరు తక్కువ ఉంటుంది. నెలల తరబడి పాడవదు. సముద్రయానానికి ఇంతకన్నా ఏం కావాలి? డచ్చి ఈస్టిండియా కంపెనీ ఓడల్లో నావికుల రేషన్‌లో బిస్కెట్లు, ఉప్పుమాంసం, వెన్నతో పాటు చీజ్ ఉండేది. హాలండ్ తీరం నుంచి బటావియా, అంటే ఇవాళ్టి జకార్తా చేరడానికి ఏడెనిమిది నెలలు.

ఆ ఓడలవాళ్లు మనకు కొత్తేం కాదు. కంపెనీ 1602లో పుట్టింది. నాలుగేళ్లు తిరిగేలోపే గోల్కొండ సుల్తాను అనుమతితో మచిలీపట్నంలో గిడ్డంగి తెరిచింది. మిరియాలు, లవంగాలు, జాజికాయ పండే ఇండోనేషియా ద్వీపాల జనానికి వెండి కన్నా మన నేత, అద్దకం బట్టలే ఇష్టం. అందుకని బట్ట ఇక్కడ కొని అక్కడ సుగంధద్రవ్యాలకు మార్చుకునేవాళ్లు. మచిలీపట్నం, పాలకొల్లు, ద్రాక్షారామం, భీమునిపట్నం, కాకినాడ పక్కన జగన్నాథపురం, ఇలా తెలుగు తీరం వెంట కంపెనీ మకాములు వెలిశాయి. 1825లో అన్నీ ఇంగ్లీషువాళ్ల చేతికి వెళ్లిపోయాయి. బందరులోనూ భీమిలిలోనూ డచ్చివాళ్ల సమాధులు ఇప్పటికీ ఉన్నాయి.

చీజ్‌కు దీనితో ఏం సంబంధమని అడగొచ్చు. ఆల్క్‌మార్‌కు దగ్గర్లోనే బేమ్‌స్టర్ అనే నేల ఉంది. నాలుగు వందల ఏళ్ల క్రితం అది సరస్సు. తుపానొస్తే చుట్టుపక్కల ఊళ్లను ముంచేది. 1607లో దాని చుట్టూ గట్టు కట్టి, గాలిమరలతో నీళ్లు తోడడం మొదలెట్టారు. 1610లో తుపానుకు గట్టు తెగి కథ మొదటికొచ్చింది. మళ్లీ కట్టి, 1612కి ఎండగట్టారు. ఏడు వేల హెక్టార్ల పైచిలుకు కొత్త నేల, సముద్రమట్టానికి సగటున మూడున్నర మీటర్ల దిగువన. పెట్టుబడి ఆమ్‌స్టర్‌డామ్ వర్తకులది. వాళ్లలో ముఖ్యుడు డిర్క్ ఫాన్ ఓస్. ఈస్టిండియా కంపెనీని స్థాపించినవాళ్లలో ఒకడు కూడా అతనే. తూర్పుకు ఓడలు పంపిన చేతులే ఇక్కడ సరస్సును ఎండగట్టాయి. బందరు బట్టల లాభం ఇంత, బేమ్‌స్టర్ గట్టులో పడింది ఇంత అని లెక్కగట్టలేం. మనుషులు మాత్రం వాళ్లే.

ఆ నేలలో ధాన్యం పండించి డబ్బు చేసుకుందామన్నది వాళ్ల ఆలోచన. నేల మాత్రం తడి వదల్లేదు. చాలా చోట్ల గడ్డికే బాగుంది. గడ్డి ఉంటే ఆవులు, ఆవులుంటే పాలు, నిలవుంచలేని పాలు ఉంటే వెన్నా చీజూ. హాలండ్ చీజ్ దేశమయింది ఇలా, తడి నేలకు తలొగ్గి. గీత గీసినట్టు ఉండే ఆ పొలాలను యునెస్కో 1999లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. మ్యూజియం చూశాక వీలైతే ఒక సైకిలు అద్దెకు తీసుకుని అటు వెళ్లండి. కాలువలో నీళ్లు మీ తల కన్నా ఎత్తులో పారడం చూస్తారు.

ఇది శాకాహారమేనా?

మనవాళ్లు ఎవరెళ్లినా అడిగే ప్రశ్న ఇది. న్యాయమైన ప్రశ్నే. సంప్రదాయ పద్ధతిలో పాలను గడ్డకట్టించే రెన్నెట్, పాలు తాగే వయసు దూడను కోశాక దాని కడుపు నుంచి తీసింది. మ్యూజియం ఈ విషయం దాచదు. ఇప్పుడు సూక్ష్మజీవుల నుంచి తయారుచేసిన రెన్నెట్ వాడేవాళ్లు చాలామందే ఉన్నారు గానీ, అన్నీ అలాంటివి కావు. నెదర్లాండ్స్ దుకాణాల్లో లేబుల్ చూసుకోవాలి, అడిగితే చెబుతారు. మన దేశంలో అమ్మే పొట్లాల మీదైతే పచ్చ చుక్క ఉంటుంది కాబట్టి పేచీ లేదు.

దూడ విషయం మన దగ్గర ఇలాంటి చీజ్ పుట్టకపోవడానికి ఒక కారణం అయ్యుండాలి. వాతావరణం ఇంకోటి. చల్లటి తేమ గాలిలో చీజ్ నెలల తరబడి బల్ల మీద కూర్చుని పండుతుంది. రోహిణికార్తె ఎండల్లో ఆ పప్పులుడకవు. మనం పాలను తోడుపెట్టి, చిలికి, వెన్న తీసి, కాచి, నీటి తడి చివరి బొట్టు దాకా పోగొట్టి నెయ్యి చేశాం. అవసరం రెండు చోట్లా ఒకటే, ఈ పూట పాలను వచ్చే నెలకు దాచడం.

రుచి సంగతి. కింద దుకాణాల్లో ముక్కలు రుచి చూపిస్తారు. వయసును బట్టే పేర్లు. నాలుగు వారాలది ‘లేత’, నాలుగు నెలలది నడిమి రకం, పది నెలలు దాటితే ‘ముసలి’, ఏడాదిన్నర దాటినది ఇంకా పైమాట. లేతది రబ్బరులా సాగుతుంది, పెద్దగా చెప్పుకోవడానికేం లేదు. మన సూపర్ మార్కెట్లలో గౌడా పేరుతో దొరికేది చాలావరకు అదే. ముసలిది తీసుకోండి. ఎండుగా, పలుకులుగా విరిగి, పంటి కింద సన్నటి స్ఫటికాలు కరకరలాడతాయి. ఉప్పు కాదవి. పండే క్రమంలో మాంసకృత్తి విడిపోయి ఏర్పడిన టైరోసిన్ పలుకులు. కాచిన బెల్లపు పాకం లాంటి కమ్మదనం ఉంటుంది. ఇంకో మాట. గౌడా అనే పేరును ప్రపంచంలో ఎవరైనా వాడుకోవచ్చు. ‘గౌడా హాలండ్’, ‘ఎడమ్ హాలండ్’ అని ఉంటేనే 2010 నుంచి ఐరోపా చట్టపు రక్షణ. ‘నోర్డ్ హాలండ్స్’ అని ముందు ఉన్నవాటికి 1996 నుంచే ఇంకా గట్టి రక్షణ ఉంది. అంటే పాలు కూడా ఈ ప్రాంతానివే కావాలి.

మన కవ్వాలు ఎక్కడ?

ఆ చెక్క ప్రెస్సుల ముందు నిలబడితే మన వాళ్లకు ఇంటి పాడి గుర్తురాక మానదు. పిడకల దాలి మీద పొద్దంతా ఎర్రగా కాగే పాలకుండ, స్తంభానికి కట్టిన కవ్వపు తాడు, చల్లకుండ, పిల్లికి అందకుండా వేలాడే ఉట్టి, నెయ్యి దించే ముందు వేసే మునగాకో తమలపాకో. ఇదంతా కూడా ఆడవాళ్ల విద్యే. వెన్న పడేవేళ ఏదో చప్పుడును బట్టి చెప్పగలిగిన మనుషులు ఇంకా చాలా ఊళ్లలో ఉన్నారు. పాడి పని ఆడవాళ్లదే అయినా సంఘాల్లో సభ్యత్వం మగవాళ్ల పేరు మీద ఉండటం మనకూ అలవాటైన సంగతే. దాన్ని తిప్పికొట్టినవాళ్లూ మనకున్నారు. ముల్కనూరు మహిళలు తామే సభ్యులుగా సహకార డెయిరీ పెట్టుకుని ‘స్వకృషి’ పేరుతో పాలు అమ్ముతున్నారు. ఆల్క్‌మార్ మేడ మీద పటాల్లోని ఆడవాళ్లకు దక్కనిది వాళ్లకు దక్కింది.

కానీ కవ్వానికి ఒక గది లేదు. శిల్పారామంలో పల్లె బొమ్మలున్నాయి, అరకులో గిరిజన మ్యూజియం ఉంది. పాడికంటూ, ఏ తాలూకాలో ఏ కుండ వాడారు, ఏ చెక్కతో కవ్వం చేశారు, ఎవరు చిలికారు అని చెప్పే చోటు తెలుగునేల మీద నాకు కనబడలేదు. దీనికి కోట్లు అక్కర్లేదు. ఆల్క్‌మార్‌లో ఉన్నది పాత భవనంలో రెండంతస్తులే. రోజూ లక్షల లీటర్ల పాలు సేకరించే డెయిరీలు మనకు ఉన్నాయి. ఒక్కో డెయిరీ తన ఆవరణలో ఒక గది ఇస్తే చాలు. సభ్యుల ఇళ్ల అటకల మీద ఉన్న కుండలూ కవ్వాలూ తెచ్చి పెట్టి, వాటిని వాడిన ఆవిడ పేరు, ఊరి పేరు కింద రాస్తే చాలు.

అంతదాకా మీ ఇంట్లో కవ్వం ఉంటే పాతసామాన్లవాడికి ఇవ్వకండి. అమ్మమ్మో నాయనమ్మో ఉంటే, ఎలా చిలికేదో ఫోనులో రికార్డు చేసి పెట్టండి. ఆల్క్‌మార్ వెళ్లేవాళ్లకు ఒక సూచన. శుక్రవారం సంత ఒంటిగంటకు ముగుస్తుంది, మ్యూజియం ఆ తర్వాతే ఖాళీగా ఉంటుంది. వేళలు కాలాన్ని బట్టి మారతాయి కాబట్టి ముందుగా చూసుకుని వెళ్లండి.